గీతను ఆనుకొని మొదలై గీతకు దూరంగా: ఫుట్‌బాల్ వింగర్ వృత్తి జీవితం

ఫుట్‌బాల్ మైదానంలో మిగిలిన ఆటగాళ్లకు నలువైపుల నుంచీ ప్రత్యర్థులు ఎదురవుతారు. వింగర్‌కు మాత్రం ఒక పక్క తెల్లటి గీత ఉంటుంది. ఆ టచ్‌లైన్ వైపు నుంచి అతని మీదికి ఎవరూ రాలేరు. అలాగే ఆ వైపుకు తప్పించుకుపోయే దారి కూడా అతనికి ఉండదు. పెద్ద పోటీలు సాధారణంగా జరిగే 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు గల మైదానంలో అతని వంతుకు వచ్చేది అంచున ఉన్న సన్నటి పట్టీ. అక్కడ బంతి అందుకొని, ఎదురుగా నిలబడిన ఫుల్‌బ్యాక్‌ను, అంటే ఆ అంచును కాచే రక్షకుణ్ణి, దాటిపోయి క్రాస్ వేయడమో (అంచు నుంచి గోల్ ముందున్న సహచరులకు బంతి పంపడం), లోపలికి తిరిగి గోల్ మీదికి కొట్టడమో అతని పని. ఫుల్‌బ్యాక్‌ను దాటిన క్షణంలో ప్రత్యర్థి రక్షణ వరస మొత్తం చెదురుతుంది. దాటివచ్చిన వాణ్ణి ఆపడానికి గోల్ ఎదుట నడుమ నిలిచే రక్షకుడు, సెంటర్‌బ్యాక్, తన చోటు వదలాలి, ఆ ఖాళీని పూడ్చడానికి మరొకరు కదలాలి, ఆ మరొకరు వదిలిన చోట ఇంకో ఆటగాడు ఒంటరిగా దొరుకుతాడు. దాటలేకపోతే బంతి పోతుంది, అంతే. ఎనిమిదిసార్లు ప్రయత్నించి ఐదుసార్లు విఫలమైన వింగర్ మిగిలిన మూడుసార్ల పుణ్యాన మ్యాచ్ గెలిపించినవాడు కావచ్చు. ఇంతటి వైఫల్యాన్ని ఓర్చుకునే స్థానం మైదానంలో మరొకటి కనిపించదు.

ఈ స్థానంలో ఆడినవారి జీవితాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టంగా తేలుతుంది. పదిహేడు, పద్దెనిమిదేళ్లకు గీతను ఆనుకొని ఆట మొదలుపెట్టినవాడు ముప్పై దాటాక కూడా అదే చోట అదే పని చేస్తూ ఉండడం అరుదు. అతను లోపలికో, ముందుకో, వెనక్కో జరుగుతాడు. ఎటూ జరగలేనివాడు పెద్ద క్లబ్బుల ఆట నుంచే జరిగిపోతాడు. కాబట్టి వింగర్ వృత్తి జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే అతను ఎన్ని గోల్స్ చేశాడు, ఎంత ధర పలికాడు అన్న లెక్కల కంటే, గీత నుంచి ఎప్పుడు, ఎటువైపు కదిలాడు, ఆ కదలికకు అప్పటికి సిద్ధంగా ఉన్నాడా లేదా అన్నది చూడడం మేలు.

చిన్న వయసు ఆటగాళ్లను ముందుగా వింగ్‌లోనే దింపడానికి బలమైన కారణం ఉంది. మైదానం నడుమ పోగొట్టుకున్న బంతి నిమిషం తిరక్కముందే సొంత గోల్ మీదికి దాడిగా మారుతుంది. సెంటర్‌బ్యాక్ చేసిన తప్పు నేరుగా గోల్‌గా లెక్కకు వస్తుంది. అంచున, అదీ ప్రత్యర్థి సగంలో పోయిన బంతి మాత్రం ప్రమాదంగా మారడానికి సమయం తీసుకుంటుంది, ఆలోగా సహచరులు తమ తమ చోట్లకు చేరుకోగలరు. అనుభవం లేని కుర్రవాడి తప్పులకు తక్కువ మూల్యం చెల్లించే చోటు అదే గనుక కోచ్‌లు ధైర్యం చేస్తారు. ర్యాన్ గిగ్స్ 1991 మార్చిలో మాంచెస్టర్ యునైటెడ్ తరఫున తొలిసారి ఆడినప్పుడు అతనికి పదిహేడేళ్లు. థియో వాల్కాట్ పదహారేళ్ల వయసులో, 2006 జనవరిలో, ఆర్సెనల్‌కు బదిలీ అయ్యాడు. ఆ వేసవిలోనే ఇంగ్లండ్ ప్రపంచకప్ జట్టులోకి ఎంపికై, ఒక్క నిమిషం కూడా ఆడకుండా తిరిగివచ్చాడు. లమీన్ యమాల్ 2023 ఏప్రిల్‌లో బార్సిలోనా చొక్కా వేసుకున్నప్పుడు ఇంకా పదహారు నిండలేదు. గోల్‌కీపర్లలోనో, సెంటర్‌బ్యాక్‌లలోనో ఇలాంటి ఉదాహరణలు వెతికితే చేతివేళ్లు చాలు.

అయితే త్వరగా వచ్చిన అవకాశంలోనే ఒక చిక్కు దాగి ఉంది. అకాడమీల్లో పన్నెండు, పదమూడేళ్ల వయసులో ఎవరు వింగర్లవుతారన్నది చాలావరకు ఎవరు ముందు ఎదిగారన్న దాన్ని బట్టి తేలిపోతుంది. తోటివారి కంటే ఏడాది ముందే ఒడ్డూపొడుగూ వచ్చిన కుర్రవాడు బంతిని ముందుకు తన్ని, దాని వెంట పరుగెత్తి, అందరినీ దాటేస్తాడు. జట్టు గెలుస్తుంది, కోచ్ సంతోషిస్తాడు, మరో విద్య నేర్వవలసిన అవసరం ఆ కుర్రవాడికి తోచదు. పదిహేడేళ్లు వచ్చేసరికి మిగిలినవారూ ఎదుగుతారు, ప్రత్యర్థి ఫుల్‌బ్యాక్ కూడా అంతే వేగంగా పరుగెత్తుతాడు, అప్పటివరకు తలుపులన్నీ తెరిచిన తాళంచెవి హఠాత్తుగా పనిచేయడం మానేస్తుంది. చిన్న శరీరంతో పెరిగి, దెబ్బలు తప్పించుకోవడానికి బంతిని కాలికి అంటిపెట్టుకోవడం, ఒక్క అడుగులో దిశ మార్చడం, తల ఎత్తి చూసి సరైన సమయంలో వదలడం నేర్చుకున్నవాడు అక్కడి నుంచి ముందుకు సాగుతాడు. శిక్షణ ఇచ్చేవారికి ఈ సంగతి తెలియక కాదు. ఆదివారం మ్యాచ్ గెలవవలసిన ఒత్తిడిలో తెలిసిన సంగతిని పక్కన పెట్టడం తేలిక, అంతే.

తొలి వృత్తి ఒప్పందం ఈ దశలోనే వస్తుంది. ఫిఫా నిబంధనల ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని ఆటగాడు మూడేళ్లకు మించిన ఒప్పందం చేసుకోరాదు. పెద్దవారికి ఆ పరిమితి సాధారణంగా ఐదేళ్లు. ఒక దేశం నుంచి మరో దేశానికి బదిలీ అయినప్పుడు ఆ మొత్తంలో ఐదు శాతాన్ని, పన్నెండో ఏడు మొదలు ఇరవై మూడో ఏడు వరకు ఆ ఆటగాడికి శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచాలన్న నియమం కూడా ఉంది. ఆ తర్వాత చాలామందికి లోన్ దశ వస్తుంది. పెద్ద క్లబ్బు తన కుర్ర వింగర్‌ను ఏడాదిపాటు చిన్న క్లబ్బుకు అప్పగిస్తుంది. అక్కడ అతనికి ఎదురయ్యేది తాను పెరిగిన ఆట కాదు. బంతి ఎప్పుడూ తన జట్టు దగ్గరే ఉండే వాతావరణంలో పెరిగినవాడు, గంటసేపు తన సొంత ఫుల్‌బ్యాక్‌కు సాయంగా వెనక్కి పరుగెత్తి, మ్యాచ్ మొత్తంలో నాలుగైదుసార్లు దొరికే ఎదురుదాడిలోనే తన విలువ చాటుకోవాలి. ఈ ఏడాదిని శిక్షగా భావించినవారు ఎక్కువగా అక్కడే ఆగిపోతారు. రక్షణ బాధ్యతను అప్పుడే ఒంటబట్టించుకున్నవారికి అది పదేళ్ల తర్వాత ఎలా పనికొస్తుందో ముందు ముందు కనిపిస్తుంది.

వింగర్ జీతం, పేరు, ఆయుర్దాయం అతని ప్రతిభ మీదే ఆధారపడి ఉండవు. ఆ కాలపు వ్యూహంలో అతనికి చోటు ఉందా అన్నది కూడా అంతే నిర్ణాయకం. 1925లో, దాడి చేసేవాడు ఎంత ముందుకు నిలబడవచ్చో చెప్పే ఆఫ్‌సైడ్ నిబంధన మారి, దాడి చేసే ఆటగాడికీ గోల్ గీతకూ మధ్య ముగ్గురు ప్రత్యర్థులకు బదులు ఇద్దరు ఉంటే చాలునని తేలాక జట్ల అమరికలే మారిపోయాయి. మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ ఆర్సెనల్‌లో వింగర్లను గీత వెంట కాకుండా లోపలికి దూసుకెళ్లమని ప్రోత్సహించాడు. అతని ఎడమ వింగర్ క్లిఫ్ బాస్టిన్ 1932–33 లీగ్‌లో 33 గోల్స్ చేశాడు. నేటి వింగర్‌కు పూర్వీకుణ్ణి వెతికేవారు మొదట ఆగవలసిన పేరు బహుశా అదే. కానీ ఇంగ్లండ్ వీక్షకుల మనసులో వింగర్ అంటే గీత పట్టుకొని పోయే స్టాన్లీ మాథ్యూస్, టామ్ ఫిన్నీలే. జీతానికి గరిష్ఠ పరిమితి ఉన్న కాలం వారిది. 1961లో ఆ పరిమితి రద్దయ్యేనాటికి అది వారానికి 20 పౌండ్లు. ఇంగ్లండ్ తరఫున 76 మ్యాచ్‌లలో 30 గోల్స్ చేసిన ఫిన్నీ ఆటతో పాటు ప్లంబింగ్ పని కూడా నడిపాడు. 1952లో ఇటలీ క్లబ్బు పలెర్మో భారీ మొత్తం ఇవ్వజూపినా అతని క్లబ్బు ప్రెస్టన్ వదలడానికి ఒప్పుకోలేదు. ఒప్పందం ముగిసినా క్లబ్బు అనుమతి లేనిదే ఆటగాడు కదలలేని రోజులవి. ఒప్పందం ముగిసిన ఆటగాడు బదిలీ రుసుము లేకుండా మరో క్లబ్బుకు వెళ్లవచ్చునని యూరప్ న్యాయస్థానం బోస్మన్ కేసులో తీర్పు చెప్పడానికి 1995 డిసెంబర్ దాకా ఆగవలసి వచ్చింది.

1966లో ఈ స్థానానికే ముప్పు వచ్చింది. ఇంగ్లండ్ మేనేజర్ ఆల్ఫ్ రామ్సే ప్రపంచకప్ తొలి మూడు మ్యాచ్‌లలో ముగ్గురు వేర్వేరు వింగర్లను, జాన్ కానెల్లీని, టెర్రీ పెయిన్‌ను, ఇయాన్ కాలహన్‌ను, మ్యాచ్‌కొకరు చొప్పున ప్రయత్నించి, ఆ తర్వాత అసలు వింగర్లే లేకుండా ఆడించి కప్పు గెలిచాడు. గెలిచిన వ్యూహాన్ని అనుకరించడం ఫుట్‌బాల్‌లో పాత అలవాటు. ఇంగ్లండ్‌లో ఆ తర్వాత కొన్నేళ్లపాటు, ఫుల్‌బ్యాక్‌ను దాటడం తప్ప మరో పని తెలియని వింగర్ విలాసవస్తువుగా మిగిలాడు. ఎవరైనా బతికి బట్టకట్టాలంటే మైదానం నడుమ ఆడే నలుగురి వరసలో ఒకడై, మైదానం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పరుగెత్తే పనివాడు కావాల్సి వచ్చింది. ఎంతో నైపుణ్యం ఉండి కూడా తన కాలంలో తన పనికి గిరాకీ లేకపోవడం ఒక ఆటగాడికి జరిగే అన్యాయాల్లో అతి నిశ్శబ్దమైనది.

వింగర్‌ను తిరిగి ఆట నడిబొడ్డుకు తెచ్చిన మార్పు చూడ్డానికి చిన్నది. కుడికాలి ఆటగాణ్ణి ఎడమవైపు, ఎడమకాలి ఆటగాణ్ణి కుడివైపు నిలబెట్టడం. పాత పద్ధతిలో ఎడమకాలి వింగర్ ఎడమ అంచున చివరిదాకా వెళ్లి, గోల్ గీత దగ్గర నుంచి బంతిని వెనక్కి క్రాస్ వేసేవాడు. గోల్‌కీపర్‌కు దూరంగా, దూసుకొచ్చే సహచరుడికి ఎదురుగా వంపు తిరిగే ఆ బంతి అందమైనదే, కానీ అక్కడి నుంచి అతనికి స్వయంగా గోల్ కొట్టే కోణం దాదాపు ఉండదు. కాలు మారినప్పుడు కోణం మారిపోతుంది. లోపలికి తిరిగిన వెంటనే బంతి బలమైన కాలి మీద ఉంటుంది, గోల్ మొత్తం ఎదురుగా తెరుచుకుంటుంది, దూరపు స్తంభం వైపు వంపు తిరిగే షాట్‌ను అందుకోవడం కీపర్‌కు కష్టమవుతుంది. లోపలికి రానివ్వకుండా ఫుల్‌బ్యాక్ అడ్డుపడితే, వింగర్ సొంత జట్టు ఫుల్‌బ్యాక్ వెనక నుంచి అంచు వెంట పరుగెత్తుకొచ్చి ఆ ఖాళీని వాడుకుంటాడు. ఒక్క డిఫెండర్ ఇద్దరికి జవాబు చెప్పలేడు.

ఈ పద్ధతికి మచ్చుతునక నెదర్లాండ్స్ వింగర్ ఆర్యెన్ రాబెన్. 2009లో బయర్న్ మ్యూనిక్ చేరి, కుడి అంచున నిలబడి, లోపలికి తిరిగి ఎడమకాలితో కొట్టడం అనే ఒకే పనిని పదేళ్లపాటు చేశాడు. అతను ఏం చేయబోతున్నాడో స్టేడియంలో ప్రతి ఒక్కరికీ తెలుసు, ఎదురుగా ఉన్న డిఫెండర్‌కు మరీ బాగా తెలుసు. అయినా ఆపలేకపోవడానికి కారణం, ఏం చేస్తాడన్నది తెలిసినా ఎప్పుడు చేస్తాడన్నది తెలియకపోవడం. డిఫెండర్ బరువు ఏ కాలి మీద ఉందో చూసి, ఆ కాలు నేలకు ఆనిన క్షణంలోనే తిరగడం రాబెన్ విద్య. బరువు మోస్తున్న కాలిని ఎవరూ వెంటనే కదపలేరు. డ్రిబ్లింగ్‌ను, అంటే బంతిని కాలితో నడుపుతూ ఎదుటివాణ్ణి దాటడాన్ని, కాళ్ల గారడీగా వర్ణించేవారు తరచు గమనించనిది ఇదే. వింగర్ చూసేది బంతిని కాదు, ఎదుటివాడి పాదాలను, తుంటిని. యూరప్ క్లబ్బుల అత్యున్నత పోటీ ఛాంపియన్స్ లీగ్ 2013 ఫైనల్‌లో డార్ట్‌మండ్ మీద 89వ నిమిషంలో గెలుపు గోల్ కూడా రాబెన్‌దే, అయితే అది అతని పేటెంటు షాట్ కాదు. మైదానం నడుమ నుంచి దూసుకెళ్లి, డిఫెండర్ల మధ్యగా వచ్చి, నెమ్మదిగా కీపర్ పక్క నుంచి జార్చిన గోల్.

కాలు మారడంతో వింగర్ ఆర్థిక జీవితం కూడా మారింది. క్రాస్ వేసేవాడి గొప్పతనం ఇతరుల గోల్స్‌లో దాగిపోతుంది, గోల్ చేసేవాడి గొప్పతనం పట్టికలోకి ఎక్కుతుంది. 2017–18లో మహమ్మద్ సలా కుడి అంచున ఆడుతూ లివర్‌పూల్ తరఫున లీగ్‌లో 32 గోల్స్ చేశాడు. అంతకు కొన్నేళ్ల ముందు చెల్సీలో సరైన అవకాశాలు దొరక్క, ఇటలీ వెళ్లి, అక్కడ తన ఆటను కూడదీసుకొని వచ్చినవాడు అతనే. 2017లోనే నెయ్‌మార్ కోసం పారిస్ క్లబ్బు పీఎస్‌జీ 22.2 కోట్ల యూరోలు చెల్లించింది. ప్రపంచ బదిలీ రికార్డులను వరసగా చూసినా లూయిస్ ఫిగో, క్రిస్టియానో రొనాల్డో, గారెత్ బేల్, నెయ్‌మార్ అంటూ అంచున ఆడినవారి పేర్లు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ధర పెరిగిన కొద్దీ ఓర్పు తగ్గుతుందన్నది ఈ వ్యాపారంలో మరో కోణం. ఎనిమిదిలో ఐదుసార్లు బంతి పోగొట్టుకునే పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి చప్పట్లు పడతాయి. పది కోట్ల యూరోల ఆటగాడు అదే చేస్తే ఈలలు పడతాయి. ఆ ఈలలు వినలేక సురక్షితమైన వెనక పాస్‌లకు అలవాటుపడిన వింగర్లు అంకెల్లో మెరుగ్గా, ఆటలో నిరుపయోగంగా మారిపోతుంటారు.

ఇక శరీరం. మిగిలిన ఆటగాళ్లు ఎక్కువగా నిలకడ వేగంతో కదులుతారు. వింగర్ పని ఆగడం, పూర్తి వేగం అందుకోవడం, మళ్లీ ఆగడం. ఈ ఆటలో అతి తీవ్రమైన పరుగులు అతని వాటాకు పడతాయి. అందుకే తొడ వెనుక కండరం అతనికి ప్రాణాంతకమైన బలహీనత. పరుగులో కాలు ముందుకు విసిరి, పాదం నేలను తాకబోయే చివరి క్షణంలో ఆ కండరం సాగుతూనే కాలికి బ్రేకు వేయవలసి ఉంటుంది. పూర్తి వేగంలో ఉన్నప్పుడు ఆ క్షణంలోనే ఎక్కువగా చిరుగుతుంది. యూరప్ అగ్ర క్లబ్బుల గాయాలను యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ ఏటేటా నమోదు చేస్తూ వచ్చిన అధ్యయనం ప్రకారం, మొత్తం గాయాల్లో ఈ కండరం వాటా 2001–02లో 12 శాతం ఉండగా 2021–22 నాటికి 24 శాతానికి చేరింది. ఆట వేగం పెరగడం, మ్యాచ్‌లు ఎక్కువ కావడం, విశ్రాంతి తగ్గడం దీనికి సాధారణంగా చెప్పే కారణాలు. మోకాళ్ల మీద నిలబడి, మడమలను మరొకరు పట్టుకోగా శరీరాన్ని నెమ్మదిగా ముందుకు వాల్చే నార్డిక్ వ్యాయామం ఈ గాయాన్ని బాగా తగ్గిస్తుందని తేలినా, తీరికలేని షెడ్యూలులో దాన్ని క్రమం తప్పకుండా చేయించడం వేరే సమస్య.

గాయం మానిన తర్వాత మొదలయ్యే కథ ఇంకా సున్నితమైనది. స్కానింగ్‌లో కండరం అతుక్కున్నట్టే కనిపిస్తుంది, పరీక్షల్లో బలం తిరిగి వచ్చినట్టే తేలుతుంది, కానీ మ్యాచ్‌లో పూర్తి వేగం అందుకోవలసిన క్షణంలో ఆటగాడు తనకు తెలియకుండానే ఒక పిసరు తగ్గుతాడు. సెంటర్‌బ్యాక్‌కు ఆ పిసరు పెద్ద నష్టం కాదు. అతను ముందే సరైన చోట నిలబడి సర్దుకుంటాడు. వింగర్‌కు డిఫెండర్‌ను దాటడానికీ దాటలేకపోవడానికీ మధ్య ఉన్న తేడా సరిగ్గా అంతే. మార్క్ ఓవర్‌మార్స్ మోకాలి గాయాలతో వేగాన్ని కోల్పోయి 2004లో, ముప్పై ఒకటో ఏట ఆట ఆపేశాడు; నాలుగేళ్ల తర్వాత కొద్దికాలం తిరిగివచ్చినా అది పెద్ద వేదిక కాదు. ఉస్మాన్ డెంబెలే 2017లో పది కోట్ల యూరోలకు పైగా ధరతో బార్సిలోనా చేరి, తొలి వారాల్లోనే తొడ వెనుక కండర సమస్యతో శస్త్రచికిత్సకు వెళ్లాడు; అక్కడ గడిపిన ఆరేళ్లలో పెద్ద భాగాన్ని పదేపదే వచ్చిన గాయాలే తినేశాయి. అతని కథ అక్కడితో ముగియలేదు గనుక మళ్లీ ఆ పేరు దగ్గరికి రావలసి ఉంటుంది.

శరీరం విషయంలో రెండు చివరలను చూపించే ఇద్దరున్నారు. బ్రెజిల్ కుడి వింగర్ గరించా వంకర కాళ్లతో పుట్టాడు, రెండు కాళ్లూ ఒకే వైపుకు వంగి ఉండేవి. డిఫెండర్ ఎదుట ఆగి, ఎడమవైపు ఊగి, కుడివైపు వెళ్లిపోవడం అతని ఏకైక విద్య అని చెప్పేవారు అతిశయోక్తి చేస్తున్నారు గానీ అబద్ధం చెప్పడం లేదు. 1962 ప్రపంచకప్‌లో పెలే రెండో మ్యాచ్‌లోనే గాయపడితే, క్వార్టర్‌ఫైనల్‌లో ఇంగ్లండ్ మీద రెండు, సెమీఫైనల్‌లో చిలీ మీద రెండు గోల్స్ చేసి జట్టును ముందుకు నడిపించాడు. అప్పటికి అతనికి ఇరవై ఎనిమిదేళ్లు. ఆ తర్వాత మోకాళ్లు అరిగిపోయాయి, చికిత్సను వాయిదా వేసి నొప్పికి సూదులతో ఆడించారు, తాగుడు తోడైంది. బ్రెజిల్ తరఫున అతను ఆడిన మ్యాచ్‌లలో ఓడినది ఒక్కటే, 1966లో హంగరీ మీద. జాతీయ జట్టుకు అతని చివరి మ్యాచ్ కూడా అదే. 1983లో నలభై తొమ్మిదో ఏట మరణించాడు.

మరో చివర స్టాన్లీ మాథ్యూస్. 1915లో పుట్టి, 1932లో స్టోక్ సిటీ తరఫున మొదలుపెట్టి, 1965 ఫిబ్రవరి 6న, యాభై ఏళ్లు నిండిన అయిదు రోజులకు అగ్రశ్రేణి లీగ్‌లో చివరి మ్యాచ్ ఆడాడు. 1953 ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌లో 3–1 వెనకబడిన బ్లాక్‌పూల్ 4–3తో గెలవడానికి కారణమైన ఆటను ముప్పై ఎనిమిదేళ్ల వయసులో ఆడాడు. 1956లో, ఏటి ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి'ఓర్ పురస్కారాన్ని తొలి విజేతగా అందుకున్నప్పుడు అతనికి నలభై ఒకటి. మద్యం, పొగ ముట్టకపోవడం, మితాహారం, రోజూ తెల్లవారుజామున వ్యాయామం వంటివి అతని దీర్ఘాయువుకు కారణాలుగా చెబుతారు, అవి నిజమే. కానీ అతని ఆట స్వభావం కూడా లెక్కలోకి రావాలి. మాథ్యూస్ యాభై మీటర్ల పరుగు మీద బతకలేదు. డిఫెండర్‌ను దగ్గరికి రానిచ్చి, ఒక భుజం వంపుతో అతని బరువు తప్పించి, మొదటి నాలుగైదు గజాల్లోనే పని ముగించేవాడు. వయసు ముందుగా దోచుకునేది పొడవైన పరుగును. మొదటి రెండడుగుల చురుకును, ఎదుటివాడి ఉద్దేశాన్ని చదివే నేర్పును ఆలస్యంగా దోచుకుంటుంది. ఇంగ్లండ్ లీగ్‌లో సబ్‌స్టిట్యూట్లను అనుమతించినది 1965–66 సీజన్ నుంచి గనుక మాథ్యూస్ తన లీగ్ మ్యాచ్‌లలో తొంభై నిమిషాలకు తగ్గట్టు తన ఊపిరిని పొదుపుగా వాడుకోవలసి వచ్చిందన్నది కూడా గుర్తుంచుకోదగ్గ విషయం.

ఇప్పటి పరిస్థితి దానికి పూర్తిగా వ్యతిరేకం. 2020 నుంచి మ్యాచ్‌కు ఐదుగురిని మార్చే వీలు రావడంతో అరవై, డెబ్బై నిమిషాల మధ్య ముందుగా బయటికి వచ్చేది ఎక్కువగా వింగర్లే. అలసిన ఫుల్‌బ్యాక్ మీదికి తాజా కాళ్లను వదలడం కోచ్‌కు అందుబాటులో ఉన్న అతి చవకైన వ్యూహం. దీనివల్ల వింగర్‌కు లాభమూ నష్టమూ రెండూ ఉన్నాయి. గంటసేపు తన బలమంతా ఖర్చు చేసి వెళ్లిపోవచ్చు, లేదా ముప్పై దాటాక చివరి ఇరవై నిమిషాల ఆటగాడిగా ఇంకో రెండేళ్లు సాగవచ్చు. మరోవైపు, ఒక్క మంచి ఆటతో లయ అందుకునే ఈ స్థానంలో ప్రతి వారం సగం మ్యాచ్‌తో సరిపెట్టుకోవడం కుర్రవాళ్ల ఎదుగుదలకు అడ్డు.

ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్లకు అసలు ప్రశ్న ఎదురవుతుంది: గీత నుంచి ఎటు జరగాలి? గిగ్స్ ఎంచుకున్న దారి లోపలికి. తొలినాళ్లలో తొడ వెనుక కండరాలు పదేపదే ఇబ్బంది పెట్టడంతో అతను యోగాభ్యాసం మొదలుపెట్టాడు, పరుగుల సంఖ్య తగ్గించుకున్నాడు, క్రమంగా మైదానం నడుమకు వచ్చి పాస్‌లతో ఆట నడిపించే మిడ్‌ఫీల్డర్ అయ్యాడు. 2014లో నలభయ్యో ఏట తప్పుకునేసరికి ఒకే క్లబ్బుకు 963 మ్యాచ్‌లు, 13 లీగ్ టైటిళ్లు. ఈ దారి అందరికీ కుదరదు. అంచున ఉన్నవాడు మైదానంలో సగమే చూస్తే చాలు, నడుమ ఉన్నవాడు వీపు వెనక కూడా చూడగలగాలి. ఆ చూపును ముప్పై ఏళ్ల వయసులో కొత్తగా నేర్చుకోవడం దాదాపు అసాధ్యం. గిగ్స్‌కు అది ముందే ఉంది, వేగం కప్పేసిందంతే.

రెండో దారి ముందుకు. క్రిస్టియానో రొనాల్డో 2003లో మాంచెస్టర్ చేరినప్పుడు గీత పక్కన కాళ్ల విన్యాసాలు చేసే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు. 2009లో రియల్ మాడ్రిడ్ చేరాక ఏడాదికేడాది గీతకు దూరమై, గోల్‌కు దగ్గరై, డ్రిబ్లింగ్ తగ్గించి, పెనాల్టీ ఏరియాలో ఎప్పుడు ఎక్కడ ఉండాలన్న విద్యను పెంచుకున్నాడు. అక్కడ 438 మ్యాచ్‌లలో 450 గోల్స్ ఆ మార్పు ఫలితం. మెస్సీ విషయంలో ఈ జరుగుడు వయసు వల్ల వచ్చినది కాదు. 2009 మే 2న రియల్ మైదానంలో బార్సిలోనా 6–2తో గెలిచిన మ్యాచ్‌లో కోచ్ గ్వార్డియోలా అతన్ని కుడి అంచు నుంచి నడుమకు తెచ్చాడు, అప్పటికి అతనికి ఇరవై ఒకటి. డెంబెలే కథ మళ్లీ మొదలయ్యేది ఇక్కడే. 2023లో పారిస్ చేరిన అతన్ని కోచ్ లూయిస్ ఎన్రికే 2024–25లో కుడి అంచు నుంచి నడుమకు మార్చాడు. పొడవైన పరుగులు తగ్గి, కొద్దిపాటి స్థలంలో తిరగడం, ప్రత్యర్థి డిఫెండర్లను వెంటాడి ఒత్తిడి చేయడం అతని పనులయ్యాయి. ఆ సీజన్‌లో జట్టు ఛాంపియన్స్ లీగ్‌ను ఫైనల్‌లో 5–0తో గెలిచింది, 2025 బాలన్ డి'ఓర్ అతన్నే వరించింది. రెండు కాళ్లతోనూ దాదాపు సమానంగా ఆడగలగడం అతనికి పుట్టుకతో వచ్చిన వరం. అంచున అది ఒక అదనపు సొగసుగా ఉండేది, నడుమ అదే ఆయుధమైంది.

మూడో దారి వెనక్కి, ఇది అన్నింటికంటే సాధారణమైనదీ, తక్కువ కీర్తి తెచ్చేదీ. ఆంటోనియో వాలెన్సియా, యాష్లీ యంగ్ ఇద్దరూ మాంచెస్టర్ యునైటెడ్‌లో వింగర్లుగా అడుగుపెట్టి ఫుల్‌బ్యాక్‌లయ్యారు. యంగ్ ఆ తర్వాత ఇంటర్ మిలాన్‌తో 2020–21 ఇటలీ లీగ్ గెలిచాడు. 2016–17లో ఆంటోనియో కాంటే ముగ్గురు సెంటర్‌బ్యాక్‌ల అమరికకు మారినప్పుడు, చెల్సీలో చోటు కోసం వెతుక్కుంటున్న విక్టర్ మోజెస్ కుడి వింగ్‌బ్యాక్‌గా (అంచంతా ఒంటరిగా చూసుకుంటూ రక్షణకూ దాడికీ పరుగెత్తేవాడు) లీగ్ విజేత జట్టులో స్థిరపడ్డాడు. వెనక్కి జరిగినవాడికి దక్కే లాభం, బంతి ముఖాముఖిగా అందడం. వింగర్ చాలాసార్లు గోల్‌కు వీపు పెట్టి, డిఫెండర్ వెనక నుంచి గుద్దుతుండగా బంతి అందుకుంటాడు. ఫుల్‌బ్యాక్‌కు మైదానమంతా ఎదురుగా కనిపిస్తుంది, ముందు ఖాళీ ఉంటుంది, పరుగు ఎప్పుడు మొదలుపెట్టాలో తానే నిర్ణయించుకోవచ్చు. పైగా తాను పదేళ్లు చేసిన మోసాలన్నీ ఎదుటి వింగర్ చేస్తుంటే గుర్తుపట్టడం అతనికి కష్టం కాదు. గాలిలో వచ్చే బంతులు, వెనుక స్తంభం దగ్గర మనిషిని కాచుకోవడం మాత్రం చివరిదాకా అతనికి గండాలే. బేల్ ఈ దారిలో ఎదురు నడిచాడు. ఎడమ ఫుల్‌బ్యాక్‌గా మొదలై, 2010లో టోటెన్‌హామ్ తరఫున మిలాన్ మైదానంలో ఇంటర్ మీద ఎడమ అంచు నుంచి మూడు గోల్స్ చేసి (జట్టు 4–3తో ఓడింది), రికార్డు ధరకు రియల్ చేరి, గాయాలతో ముప్పై మూడేళ్లకే ఆట ముగించాడు.

ఏ దారీ తొక్కకుండా అంచునే నిలిచినవారు లేకపోలేదు. స్పెయిన్ వింగర్ వాకిన్, 2019 డిసెంబర్‌లో ముప్పై ఎనిమిదేళ్ల వయసులో బెటిస్ తరఫున మొదటి ఇరవై నిమిషాల్లోనే మూడు గోల్స్ చేసి, స్పెయిన్ లీగ్‌లో ఆ ఘనత సాధించిన అతి పెద్ద వయస్కుడయ్యాడు. నలభై ఒకటో ఏట తప్పుకున్నాడు. అలాంటివారు మినహాయింపులే, వారి వెనుక దాదాపు ఎప్పుడూ తమను ఎరిగిన ఒక క్లబ్బు, ఓపిక గల అభిమానులు ఉంటారు. మిగిలినవారికి ఒప్పందాలు ఏడాదికేడాది కుదించుకుపోతాయి, క్లబ్బుల స్థాయి తగ్గుతుంది, వయసు ముప్పై రెండు అని చదవగానే కాగితం పక్కన పెట్టే నియామక విభాగాలు ఎదురవుతాయి.

ఈ స్థానం మొత్తం ఆయుర్దాయం ఒకే మ్యాచ్‌లో కనిపించిన సందర్భం 2024 జూలై 9న మ్యూనిక్‌లో జరిగిన యూరో సెమీఫైనల్. ఫ్రాన్స్ మీద స్పెయిన్ కుడి అంచున ఇద్దరు ఆటగాళ్లు ఒకరి వెనక ఒకరు ఆడారు. ముందున్నవాడు లమీన్ యమాల్, ఇంకో నాలుగు రోజులకు పదిహేడేళ్లు నిండబోతున్నాయి. వెనకున్నవాడు హెసూస్ నవాస్, ముప్పై ఎనిమిదేళ్లు. యమాల్ పుట్టకముందే, 2003లోనే సెవియా తరఫున కుడి వింగర్‌గా మొదలై, 2010 ప్రపంచకప్ గెలిచిన జట్టులో కూడా అదే అంచున ఆడి, ఆ తర్వాత కుడి ఫుల్‌బ్యాక్‌గా వెనక్కి జరిగి, దీర్ఘకాలపు తుంటి నొప్పితోనే ఆడుతున్నవాడు. స్పెయిన్ కుడి ఫుల్‌బ్యాక్ కర్వహాల్ సస్పెన్షన్‌లో ఉండడంతో ఫ్రాన్స్ దాడి ఆటగాడు ఎంబపేను కాచుకునే పని నవాస్‌కు పడింది. తొమ్మిదో నిమిషంలో ఎంబపే ఆ వైపు నుంచే క్రాస్ వేశాడు, అతని సహచరుడు కోలో ముఆనీ తలతో గోల్ చేశాడు. ఇరవై ఒకటో నిమిషంలో యమాల్ కుడి నుంచి లోపలికి తిరిగి, ఎడమకాలితో దూరపు స్తంభం లోపలి అంచుకు కొట్టి స్కోరు సమం చేసి, యూరో చరిత్రలో అతి పిన్న వయసులో గోల్ చేసినవాడయ్యాడు. నాలుగు నిమిషాల తర్వాత ఓల్మో గోల్‌తో స్పెయిన్ 2–1 ఆధిక్యంలోకి వెళ్లి అలాగే గెలిచింది. రెండో అర్ధభాగం మొదలైన కాసేపటికి నవాస్‌ను బయటికి తీసుకున్నారు. యమాల్ చివరి నిమిషాల వరకు ఆ గీత పక్కనే ఉన్నాడు.